అలివేలవ్వ చూసిన మట్టి రుచి

ముక్కు చిట్లించడంలో మద్రాసు పురసవాక్కం పేట మొత్తానికీ అలివేలవ్వకు సాటి లేరు. ఎదురింటి సాంబారు, మనవళ్ల మార్కులు, కొత్త నగల కొట్టు దీపాలు, ఏదీ ఆ ముక్కుకు ఆనదు. అయితే అది ఊరికే వంకర పోలేదు.

ఆమె కాపురానికి పోయిన ఊరిని నేలబొగ్గు గని మింగేసింది. ముందు నోటీసు వచ్చింది, వెనకాలే యంత్రాలు వచ్చాయి. ఇల్లు, బావి, ఆఖరికి వల్లకాడు కూడా పోయింది. మొగుడూ పెళ్లామూ మద్రాసు చేరి బట్టల కొట్టు పనితో బతికారు. చాన్నాళ్లకు చూసొద్దామని పోతే, ఊరున్న చోట గొయ్యి, దాని పక్కన తవ్విపోసిన గుట్ట. పైమట్టి అడుక్కి, అడుగుమట్టి పైకి తిరగబడి గడ్డి పరక కూడా మొలవలేదు. తన వంటిల్లు ఎక్కడుండేదో చూపించడానికి అవ్వకు నేల దొరకలేదు, గాలిలోకి చూపించి వచ్చేసింది.

ఇక మిగిలింది తిరువారూరు పక్కన పుట్టింటి వాటా, నాలుగెకరాల వరి పొలం. అన్న కొడుకు ధర్మలింగం సాగు చేస్తున్నాడు. తొంభై నాలుగులో దాని కింద గ్యాసు ఉందన్నారు. పొలం అవ్వ పేర ఉంది కాబట్టి సంతకం ఆమెదే కావాలి. ఆసామి తెలుగామె అని కంపెనీ జయరామ్ అనే రాజమండ్రి కుర్రాణ్ణి పంపింది. ధర్మలింగమే అతన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"బొగ్గుతో పోల్చకండి మామ్మగారూ. బొగ్గయితే ఊరే లేపేయాలి. మాకు ఎకరన్నర చాలండి. బోరు నోరు మూరెడు కూడా ఉండదు. మిగతా దాంట్లో మీ వరి మీరు వేసుకోండి" అన్నాడు జయరామ్.

"అదీ నిజమేలే" అని అవ్వ ఒప్పుకుంది. తర్వాత ధర్మలింగం వైపు తిరిగింది. "నేను చెప్పిన మట్టి తెచ్చినావా?"

పక్క ఊళ్లో అదే కంపెనీ రెండేళ్ల కింద బోరు వేసింది. దాన్ని ఆనుకున్న పొలంలోంచి పిడికెడు మట్టి తెమ్మని అవ్వ ముందే కార్డు రాయించింది. ఆమె నాయన విత్తే ముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని చవుడో మంచిదో చెప్పేవాడు. కూతురికీ అదే విద్య అబ్బింది.

ధర్మలింగం సంచిలోంచి పొట్లం తీశాడు. అవ్వ చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. జయరామ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మట్టి బానే ఉండాది" అంది అవ్వ. ధర్మలింగం పెన్ను మూత తీశాడు.

"మా నాయన మట్టి బాగుండక ఏమవుతుందిరా? ఇది మన కాలవ వార మడిది."

"లేదత్తా, పక్క ఊరిదే."

"చిన్నప్పుడు దొంగగా తిన్న మట్టి, నాకు తెలీదా? ఆ ఊరి మట్టి మంచిదైతే మనది ఎందుకు మూట గట్టినావు?"

ధర్మలింగం నేల చూపులు చూశాడు. "ఆడ బోరులోంచి వచ్చే బురద పోసే గుంట వానకు పొంగిందత్తా. జిడ్డు నీళ్లు పదెకరాలు పారినాయి. రెండు పంటకార్లుగా గింజ లేదు. ఆ మట్టి చేత్తో తీస్తేనే కిరసనాయిలు కంపు. నువ్వు నోట్లో పెట్టుకుంటావని తెలుసు గదా, మనసు రాలా."

"నా నోటికి పనికిరానిది పొలానికి ఎట్ల పనికొస్తుందిరా, సన్నాసీ?"

"ఇప్పుడు గుంటలకి ప్లాస్టిక్ పరుస్తున్నామండీ" అన్నాడు జయరామ్.

"పరుచుకోండి. బొగ్గోళ్లు నన్ను అడగలా నాయనా, మీరు అడిగినారు. అడిగినారు గనక చెప్తా ఉండా, వద్దు."

జయరామ్ కాగితాలు సర్దుకుంటూ గొంతు తగ్గించాడు. "మీ పక్క పొలం వాళ్లు నిన్ననే ఇచ్చేశారండీ. గుంట మీ గట్టుకి అవతలే వస్తుంది."

అవ్వ ధర్మలింగంతో "పోయి గట్టు రెండు మూరలు ఎత్తు వెయ్యి" అంది.

ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు. నోట్లోకి పోయింది పుట్టింటి మట్టే అయినా, కొళాయి దగ్గర నిలబడి పుక్కిలించి ఉమ్ముతూనే ఉంది.