వేడి చేసిన మాత్ర

గుండె బలహీనపడిన రోగులకు కొత్త మాత్రను మా ఆసుపత్రి మందుల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఒప్పుకోకుండా ఆగినవాణ్ణి నేనొక్కణ్ణే. కర్నూలులో వైద్య విద్యార్థులకు మందుల గురించి పాఠం చెప్పే ఉద్యోగం నాది. ఎవరు ఏ మందును పొగిడినా ఆధారం చూపమని అడగడం అలవాటైపోయింది. ఈ మాత్ర మొదట చక్కెర జబ్బు కోసం తయారైంది. చక్కెర లేని గుండె రోగులకూ మేలు చేస్తుందని తర్వాత తేలింది. ఆ పరిశోధనలు చదివాను, తప్పు పట్టలేదు. నా అనుమానం వేరు. ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే మందు, ఏప్రిల్ ఎండలో చేనులో నిలబడే మనిషిని ఏం చేస్తుందో వాటిలో నాకు కనిపించలేదు.

ఆ ప్రతిపాదన తెచ్చిన గుండె వైద్యుడు నాకంటే చాలా చిన్నవాడు. "కొద్దిమందితో మొదలుపెడతాం సార్. మీరే దగ్గరుండి గమనించండి," అన్నాడు.

ఆ కొద్దిమందిలో కోయిలకుంట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతు ఒకడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. నెలల తరబడి గోడకు చేరగిలబడే నిద్రపోయాడు. "నాకేం పెద్ద కోరికల్లేవు సార్. కాళ్లు సాపుకోని పండుకోవాల, అంతే," అన్నాడు. పాత మందులతో పాటు కొత్త మాత్ర మొదలుపెట్టాక కాళ్ల వాపు తగ్గింది, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోగలిగాడు. వైద్యుడు నన్ను పిలిపించి మరీ చూపించాడు. ఇంకొన్నాళ్లు చూద్దామన్నాను.

ఎండలు ముదిరాక ఆయన మళ్లీ వచ్చాడు. వేలితో నొక్కితే గుంట పడేంతగా పాదాలు వాచాయి. నిద్ర మళ్లీ గోడ దగ్గరికే చేరింది. "మీరన్నట్టే అయింది సార్, ఆపేద్దామా?" అన్నాడు వైద్యుడు. నేనన్నది అది కాదు. నీరు మరీ తగ్గిపోతుందని నేను భయపడ్డాను. ఇక్కడ నీరు పెరిగింది. మందు పనిచేయలేదనడానికీ ఆధారం కావాలి కదా అని వార్డుకు వెళ్లాను.

"మాత్ర మానేసినావా అప్పా?"

"యాడ మానేస్తా సార్, ఈమె మానేయనిస్తేగదా!" అని పక్కనున్న భార్యను చూపించాడు. ఆమె సీసాలోంచి గ్లాసులోకి ఏదో వంచుతోంది.

"అదేందమ్మా?"

"బార్లీ నీళ్లు సార్, ఉప్పేసినా. పొద్దున మజ్జిగ, మద్యాన్నం సబ్జా నీళ్లు. మాత్ర శానా వేడి చేసింది గదా."

"వేడి చేసిందని ఎట్ల తెలిసింది?"

ఆయన ముఖం తిప్పుకున్నాడు. "నువ్వు ఊరికే ఉండు మే."

"ఏం ఊరికే ఉండేది? ఇంట్లో గింజుకుంటా ఉంటావు, ఈడికొస్తే సిగ్గంట! సార్, ఒంటికి పోయేకాడ మంట, దురద. వేడి గాకపోతే ఇంకేంది?"

మా వైపు మూత్రంలో మంట పుడితే దాన్ని వేడి అనే అంటారు, చల్లబరచడానికి మజ్జిగ, బార్లీ తాగిస్తారు. కడపలో మా అమ్మా నాకు అదే చేసేది. గుండె బాగున్నవాడికి ఫరవాలేదు. ఈయనకు మాత్రం ఆ ఉప్పు, ఆ నీరు ఒంట్లోనే నిలిచిపోయాయి. అయితే ఆమె చెప్పిన మంట నిజమే. ఈ మందు చక్కెరను మూత్రంలోకి పంపుతుంది, అందువల్ల అక్కడ ఫంగస్ సోకి మంట, దురద పుట్టవచ్చు. మాత్ర ఇచ్చిన రోజే "ఇన్ఫెక్షన్ రావచ్చు" అని చెప్పాం. ఆ మాటకూ వేడికీ సంబంధం ఉందని ఆ దంపతులకు ఎలా తెలుస్తుంది?

వైద్యుడు పరీక్షించి పూత మందు రాశాడు, మాత్ర కొనసాగించమన్నాడు. ఉప్పు నీళ్లు మానేసి, నీళ్లు కొలిచి తాగమన్నాడు.

"ఈ ఎండలకు కొలిచి తాగితే మనిషి ఎండిపోడా సార్?" అంది ఆమె.

నేను అడిగిన ప్రశ్నే అది. రోజూ బరువు చూడాలని, ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా, కళ్లు తిరిగినా ఫోన్ చేయాలని, వాంతులో విరేచనాలో అయితే మాత్ర ఆపి వెంటనే చెప్పాలని వివరించాను. ఊళ్లో బస్తాలు తూచే కాటా ఉందని ఆయన అన్నాడు. "శెనక్కాయల మూట మాదిరి నిలబెట్టి తూస్తాలే," అంది ఆమె.

వానలు మొదలయ్యే వేళకు వాళ్లు మళ్లీ వచ్చారు. కాళ్లు చాపుకునే పడుకుంటున్నానని ఆయన చెప్పాడు. ఒకరి మాట చాలదు కనుక ఆమెను అడిగాను.

"ఎన్ని దిండ్లమ్మా?"

"ఒగటే సార్. గుర్రు పెడతాండాడు. ఇప్పుడు నిద్ర లేంది నాకు."

ఒక మనిషి నిద్ర ఆధారం కాదని మందుల జాబితా మీద జరిగిన తర్వాతి సమావేశంలో నేనే గుర్తుచేశాను. మిగతా రోగుల్లోనూ మేలే కనిపించిందని చెప్పి, మాత్రను జాబితాలో చేర్చడానికి ఒప్పుకున్నాను. ఒక షరతు పెట్టాను: ఈ మాత్ర వాడే ప్రతి మనిషినీ, వచ్చినప్పుడల్లా, "వేడి చేసిందా?" అని అడగాలి.

"వేడి అనే జబ్బుకు ఆధారం ఏది సార్?" అన్నాడు వైద్యుడు, నవ్వు ఆపుకుంటూ.

"అడిగి చూడు," అన్నాను.