పుస్తకంలో లేని పేజీ

నాలుగేళ్లుగా ఒక పేజీ నా గుండెల మీద కూర్చుని ఉంది. బరువంటే బరువే. కానీ తలచుకుంటే నవ్వు కూడా వస్తుంది. అందుకేనేమో, ఎవరికీ చెప్పలేకపోయాను. మీకు చెబుతాను, వినండి.

సిద్దిపేటలో మాకో సంఘం ఉంది. జిరాక్సు దుకాణం పైగదిలో ప్రతి ఆదివారం పొద్దున కూడతాం. ఒక మాటకు, ఒక రాతకు అర్థం ఎలా పుడుతుందన్నదే మా చర్చ. అందుకోసం ఒక జర్మన్ తత్వవేత్త రాసిన లావుపాటి పుస్తకం పట్టుకున్నాం. వారానికి ఒక్క పేజీ. నేను ఇంగ్లీషు టీచర్ని కాబట్టి, ఇంగ్లీషు ప్రతి చూస్తూ తెలుగులో చెప్పడం నా వంతు. విన్నాక, ఆ పేజీ తన బతుకులో ఎక్కడ తగిలిందో ఒక్కొక్కరూ చెప్పాలి. పుస్తకం ఒక్కటే, అదీ నా దగ్గరే.

ఒక శనివారం చుట్టాలను తీసుకుని చంద్లాపూర్ పోయి, రిజర్వాయరు కట్ట మీద పొద్దుగూకేదాకా తిరిగాను. పేజీ చదువుకోలేదు. ఆదివారం తెరిస్తే ఒక్క ముక్క కొరుకుడు పడలేదు. తయారు కాలేదంటే ఏం పోయేది? టీ తాగి ఇళ్లకు పోయేవాళ్లం. కానీ అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. సిగ్గేసింది. పుస్తకం మీద కళ్లు పెట్టి నోటికొచ్చింది చెప్పాను: ఎదుటి మనిషి మౌనం కూడా ఒక రాతే, దాన్ని కోపంలో చదివితే కోపమే కనపడుతుంది, ఇంకోసారి చదవాలి. అలా పది నిమిషాలు దంచాను.

ఆరోజు విన్నవాళ్లలో కల్లు గీసే మల్లయ్య ఒకడు. తాటిచెట్ల పంపకం దగ్గర చెడి, ములుగులో ఉండే తమ్ముడితో ఆయనకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవని మా అందరికీ తెలుసు. మరుసటి ఆదివారం ఆ తమ్ముడినే వెంటబెట్టుకొచ్చాడు.

"సార్, గా జర్మనీ పెద్దమనిషికి మా ఇంటి ముచ్చట ఎట్ల ఎరుకైంది?"

"పెద్దోళ్లు గద మల్లన్నా" అన్నాను.

"వీడు మాట్లాడకపోతే పొగరనుకున్న. పలకరించనీకి సిగ్గైందట సార్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే చెప్పాల్సింది.

ఎందుకు చెప్పలేదు? రాసినవాడు ఎవరైతేనేం, అర్థం చదివేవాడిదే అని మా గదిలో ఎన్నిసార్లు వాదించుకోలేదు! ఆ వాదన అడ్డం పెట్టుకుని కొన్నాళ్లు హాయిగానే పడుకున్నాను. కానీ నా మాటగా చెప్పి ఉంటే మల్లయ్య తమ్ముడి గడప తొక్కేవాడా? తొక్కేవాడు కాదేమోనన్న ఉక్రోషం ఒకటి, ఆయన నమ్మకంతో ఆడుకున్నానన్న సిగ్గు ఒకటి, రెండూ నన్ను గిల్లుతూనే ఉన్నాయి. పైగా ఆ రోజు వాళ్లు వినాల్సిన అసలు పేజీని దాటేశాను. అది ఇప్పటికీ వాళ్లకు అందలేదు.

పోయిన వారం మల్లయ్య హుషారుగా వచ్చాడు. కాలేజీలో చదివే మనవరాలు ఆ పేజీ ఇంగ్లీషులో చూస్తానందట. కింద జిరాక్సు తీయించి ఇంట్లో పటం కట్టిస్తాడట. పేజీ నంబరు అడిగాడు. వెతికి చెబుతానన్నాను. ఏం వెతుకుతాను?

ఈ ఆదివారం చెప్పేస్తాను. అన్నదమ్ములిద్దరూ, ఆనాటి నుంచి ప్రతి ఆదివారం వస్తున్నట్టే వచ్చి, ఒకే బెంచీ మీద కూర్చుని వింటారు. నవ్వుతారో, లేచిపోతారో తెలియదు. ఏమీ అనకుండా ఊరుకుంటేనే నాకు భయం.

ఆ పేజీ లేదు మల్లన్నా, నేనే అల్లి చెప్పాను.

చూశారా, ఇంతే మాట. ఇది మీ ముందు పెట్టడానికే నాలుగేళ్లు పట్టింది. ఇవాళ మాత్రం ఊపిరి ఆడుతోంది.