మా బావకు నేను అంటగట్టిన కునుకు

మా ఇంటి అటక మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో బనియను గుడ్డలో చుట్టిన నాలుగు బల్బులున్నాయి. లారీ బల్బులు. అన్నీ కలిపినా పావు కిలో తూగవు. ఇన్నేళ్లుగా నన్ను వంచేసిన బరువు అదే అంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ కాఫీ అడిగి ఊరుకున్నాను.

బంగారు గని ఇంకా నడుస్తున్న రోజుల్లో నేను చాంపియన్ రీఫ్స్‌లో, ల్యాంప్ రూమ్‌లో పనిచేశాను. కిందికి దిగే ప్రతి మనిషి టోపీ దీపమూ నా చేతి మీదుగా పోవాలి, తిరిగి నా చేతికే రావాలి. గని సర్కారుది, దీపాలు సర్కారువి, గర్వం మాత్రం నా సొంతం. పనివాళ్లుండే లైన్ ఇళ్లలో అందరూ నన్ను 'లైటు సారు' అనేవాళ్లు. ఎవరింట్లో ట్యూబులైటు మిణుకుమన్నా నాకే కబురు. ఆ పిలుపు వినబడితే చాలు, నా భుజాలు రెండంగుళాలు పైకి లేచేవి. ఎంత చిన్న గొప్ప! దానికోసం ఎంత పని చేశాను!

మా అక్కను దగ్గర్లోనే ఉన్న క్యాసంబళ్ళి అనే ఊళ్లో ఇచ్చాం. బావకు రాగి చేను, నాలుగు ఆవులు, ఒక పాత లారీ. ఎండాకాలం శ్రీనివాసపురం మామిడికాయలు, చలికాలం టమోటాలు తోలేవాడు. చేను, ఆవులు బతకడానికి; లారీ ఆయన ప్రాణం. రోజూ పొద్దున్నే తన తుండుగుడ్డతోనే అద్దం తుడిచేవాడు. దూడ కనిపిస్తే హారన్ కొట్టకుండా లారీ ఆపి, అది దాటేదాకా చూస్తూ కూర్చునేవాడు. ఆ లారీకి బంపరు కింద, నేలకు దగ్గరగా, పొగమంచు కోసం రెండు పసుపు దీపాలుండేవి. చూడటానికి మసక దీపాలే. నాకవి సిగ్గుగా ఉండేవి. లైటు సారు బావ లారీకి ఆముదపు దీపాలా?

బెంగళూరు నుంచి పైనున్న పెద్ద దీపాలకు రెండు, కిందివాటికి రెండు, నాలుగు హాలొజెన్ బల్బులు తెచ్చాను. తెల్లవి, నూరు వాట్లవి. పాత వైరు తట్టుకోదని లావు వైరు కూడా లాగాను. ఒక సాయంత్రం లారీని సైనైడ్ దిబ్బకు ఎదురుగా నిలబెట్టాం. బంగారం తీసేశాక మిగిలిన పిండిమట్టి కొండ అది. తెల్లబారి, ఆకాశానికి అడ్డంగా ఉంటుంది. మా వైపు బండ్లవాళ్లు లైట్లు సరిచూసుకునేది దాని మీదే. ఎడమవైపు పాత బల్బులు ఉంచి, కుడివైపు కొత్తవి బిగించి, పొద్దు వాలగానే స్విచ్ వేశాను.

ఎడమపక్క నేతి దీపం రంగులో ఒక మరక. కుడిపక్క మిట్టమధ్యాహ్నం. వానలకు మట్టి మీద పడిన సన్నని గాట్లన్నీ లేచి కనిపించాయి. చూడటానికి చేరినవాళ్లు ఈలలు వేశారు. బావ మెల్లగా ఆ వెలుగులోకి నడిచి వెళ్లి, కొండ మీద పడిన తన నీడను చూసుకుంటూ చేతులు చాచాడు. ఇప్పటికీ కళ్లు మూస్తే ముందు వచ్చేది అదే. తెల్లటి కొండ, గాలిలో నెమ్మదిగా తేలుతున్న దుమ్ము, అందులో చేతులు చాచిన నల్లటి మనిషి. నిజంగా జరిగిందా, నేనే కల్పించుకున్నానా అనిపించేంత నిశ్శబ్దంగా ఉంటుంది ఆ బొమ్మ.

వెనక్కి వచ్చి బావ, "పైవి మార్చప్పా, కిందవి పసుపే ఉండనీ. మంచులో అవే నేల మీద పాకతా దారి చూపిచ్చేది" అన్నాడు. "పసుపు పెండ్లిలో పూసుకునేదానికి బావా, లారీకి కాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆ నవ్వుల మధ్యలోనే నాకు గుర్తొచ్చింది. గని లోపల రాయి పేల్చాక ధూళి లేస్తే పనివాళ్లు టోపీ దీపం విప్పి మోకాలి దగ్గర పట్టుకునేవారు. నెత్తిన ఉంటే ఎదుట తెల్లటి గోడ లేచినట్టుంటుందని, దీపం ఎంత బలంగా ఉంటే ఆ గోడ అంత దిట్టమని నాతో ఎంతమంది చెప్పారు! మంచుకైనా అంతే కదా? నేను కొత్త బల్బును సరిచూసింది తేటగా ఉన్న సాయంత్రం. అది వెలగాల్సింది మంచులో. తెలుసు. మీరు గమనించాలి, ఆ క్షణంలోనే తెలుసు. అయినా కింద మిగిలిన పసుపు బల్బు కూడా పీకేసి తెల్లది పెట్టాను. ఇంకా దూరం పడాలని ఆ దీపాల మూతి కాస్త పైకి కూడా ఎత్తాను. 'ఆగండి, నేను పొరబడ్డాను' అనడానికి ఎంతసేపు పడుతుంది? పదిమంది చేత ఈలలు వేయించుకున్న గొంతులో ఆ మాటకు చోటు లేకపోయింది.

ధనుర్మాసంలో ఒకనాటి తెల్లవారుజామున, మంచు చేల మీదినుంచి రోడ్డు మీదకు దిగిన వేళ, బావ టమోటా లోడుతో ఊరు దాటుతూ మునెమ్మను గుద్దాడు. ఆమె అదే ఊరి మనిషి, పాల క్యానుతో డెయిరీకి పోతోంది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం మళ్లీ తిన్నగా నిలబడలేదు.

నేను చేరేసరికి బావ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాడు. చొక్కా మీద పాలు, మట్టి.

"నేను నిదర పోలేదప్పా. కండ్లు తెరిచే ఉన్నాను. ముందర యాడా ఏమీ కనపడలా, అంతే" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నా నోట వచ్చిన మాట వేరు.

"ఒక రెప్పపాటు కునుకు పట్టింటాది బావా. తెల్లారుజామున అట్లే పడతాది. మనకే తెలీదు."

"కునుకా? రాత్రి బాగా నిదరపోయినానే. మీ అక్కే లేపె నన్ను."

"ఇంగేముంటాది బావా? కండ్లు తెరిచినోడికి మనిషి కనపడకుండా యాడికి పోతాది?"

ఆయన నా మొహంలోకి చూశాడు. దీపాల సంగతి నాకంటే తెలిసినవాడు ఆయనకు లోకంలో లేడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. "అట్లే ఉండాల. పట్టింటాది" అన్నాడు.

అదే మధ్యాహ్నం, అందరూ ఆసుపత్రిలో ఉండగా, నేను క్యాసంబళ్ళి వెళ్లాను. లారీని అప్పటికే దొడ్లోకి తెచ్చారు. స్క్రూడ్రైవరుతో నాలుగు తెల్ల బల్బులూ విప్పి, నా దగ్గరే ఉంచుకున్న పాతవి పెట్టి, మూతులు కిందికి దించాను. ఆవులు నెమరువేస్తూ నన్నే చూశాయి. మర్నాడు లారీని తనిఖీ చేయడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు స్విచ్ వేస్తే పసుపు దీపాలు బుద్ధిగా వెలిగాయి. దీపాలు సరిగ్గా ఉన్నాయని రాసుకున్నాడు. నిద్ర పట్టిందని బావ తనంతట తానే చెప్పి సంతకం పెట్టాడు. ఎవరు మార్చారు బల్బులు అని బావ అడగలేదు. ఆ దిగులులో గమనించలేదో, గమనించి బామ్మరిదిని కాపాడాలని ఊరుకున్నాడో, నాకు ఈనాటికీ తెలియదు. రెండోది నిజమేమోనని తలచుకుంటే చెమట పడుతుంది.

లారీ అమ్మేశాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు. మునెమ్మ బతికినన్నాళ్లూ ఆమె పాల క్యాను డెయిరీకి తానే మోశాడు. "నిదర ఎవురికి రాదప్పా, పోనీ" అని ఆమె క్షమించింది. దేన్ని క్షమించింది? ఆయన పోని నిద్రను. నాకు రావలసిన తిట్లు ఎవరూ తిట్టకుండానే ఆమె వెళ్లిపోయింది.

అన్నిటికంటే ఘోరం ఇది. బావ నిద్రను నమ్మడం మానేశాడు. బస్సులో కిటికీ కడ్డీ పట్టుకొని నిటారుగా కూర్చుంటాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇల్లంతా పడుకున్నా ఆయన పడుకోడు. రాత్రుళ్లు రెండుమూడుసార్లు లేచి మొహం కడుక్కుంటాడని అక్క చెబుతుంది. కొన్నేళ్లకు ఒకసారి నాతో అన్నాడు, ఏదో వింత చెబుతున్నట్టు, గొంతు తగ్గించి: "ఆ కునుకులో నాకు కల కూడా వచ్చిందప్పా. మీ సైనైడ్ దిబ్బ రోడ్డు మీద లేచి, సద్దు లేకుండా, నా ఎదురుగా నడిచొచ్చె. ఎంత తెల్లగా ఉన్నిందో!"

నేను తలూపాను. ఆయన కళ్లారా చూసినదాన్ని నేను కల చేశాను. దాన్నే ఆయన నాకు, నమ్మకంగా, పంచుకోవడానికి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజైనా చెప్పవచ్చు కదా? కాఫీ తాగుదామా బావా అన్నాను.

గని మూసేశారు. ల్యాంప్ రూమ్‌కు తాళం. నన్ను లైటు సారు అనేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కాపాడుకోవడానికి ఇక ఆ గొప్ప కూడా లేదు. మరి దేనికి ఇంకా భయం? అక్క మొహానికా? ఆయన నవ్వి 'పోనీలేప్పా' అంటాడనా? అదే ఎక్కువ భయమనుకుంటాను.

నిన్న బావ మా ఇంటికి వచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం భోజనమయింది, అందరూ నడుం వాల్చారు. ఆయన వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను ఈ గదిలో తలుపు దగ్గరికి వేసుకొని, అటక మీది డబ్బా దించి పక్కన పెట్టుకొని, ఇది రాశాను. నోటికి రాని మాట చేతికి వచ్చింది. ఇంతకాలం బిగబట్టిన ఊపిరి కాస్త వదిలినట్టుంది. అంతకంటే ఎక్కువ నాకు దక్కకూడదు కూడా.

బావా, ఆ పొద్దు నువ్వు నిద్రపోలేదు. మేలుకొనే ఉన్నావు. నువ్వు చూసింది కల కాదు, నేను పెట్టిన దీపం.

తలుపు అవతల కుర్చీ కిర్రుమంది. బావ ఇంకా మేలుకొనే ఉన్నాడు.