కంచెలోని చిట్టితుంగ

మా పెద్ద వదినకు నగల మోజు లేదు, చీరల పిచ్చి లేదు. ఆవిడకున్న ఆస్తల్లా ఊరవతల చిత్తడి నేలలో మొలిచే బొటనవేలంత ఎర్ర మొక్క. చూడ్డానికి తుంగలా ఉంటుంది కాబట్టి మేం చిట్టితుంగ అంటాం. అది మరెక్కడా అంతగా దొరకదని చెప్పి, కాలేజీ మాస్టారు వదినను దానికి కాపలా పెట్టారు. ఆ రోజు నుంచి ఆవిడ నడకే మారిపోయింది. చూడవచ్చినవాళ్ళ చేత చెప్పులు విప్పించి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మరీ చూపించేది.

మా రెండో అన్న భార్య, చిన్న వదిన, గేదెల్ని నీళ్ళకు ఆ చిత్తడిలోంచే తోలుకెళ్ళేది. ఒకసారి పెద్ద వదిన జ్వరంతో పడుకుంటే, వచ్చినవాళ్ళకు తనే మొక్కను చూపించింది. వాళ్ళు తీసిన ఫొటో పేపర్లో పడింది. చిన్న వదిన, పక్కన గేదె. పెద్ద వదిన కడుపు ఉడికిపోయింది. కళ్ళలో వత్తులేసుకుని కాసింది నేనైతే పేరు దానికా అని నా దగ్గర ఏడ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినా, అన్నాను. నాతోనూ మాట మానేసింది.

జ్వరం తగ్గగానే చిత్తడి చుట్టూ ముళ్ళకంచె వేయించింది. గేదెలు మొక్కల్ని తొక్కేస్తున్నాయని సాకు. మాస్టారిని ఒక్క మాట అడిగితేనా! చిన్న వదిన పల్లెత్తు మాట అనకుండా గేదెల్ని కంచె చుట్టూ తిప్పుకుని పోయేది. ఆ ఓర్పు చూసి ఈవిడకు ఇంకా మండేది.

మరుసటి వానలకు కంచె లోపల గడ్డి మోకాలెత్తున పెరిగింది. చిట్టితుంగ ఒక్కటంటే ఒక్కటి లేదు. వదిన చేతులు కోసుకుపోయేలా గడ్డిలో వెతికింది. కంచె అవతల, గేదెలు నడిచిన కొత్త దారిలో మాత్రం గిట్టల గుంటల నిండా చిట్టితుంగ ఎర్రగా మొలిచింది. మాస్టారు వచ్చి చూశారు, తిట్టలేదు. గొడ్లు తొక్కి గడ్డిని అణిస్తేనే దీనికి వెలుతురు దొరుకుతుందని, లోపలి మట్టిలో విత్తనాలు ఉండే ఉంటాయని, మళ్ళీ తొక్కిస్తే రావచ్చని చెప్పి వెళ్ళారు.

ఆ సాయంత్రం పెద్ద వదిన ముళ్ళకంప తనే పీకేసింది. తర్వాత చిన్న వదిన వాళ్ళింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేనక్కడే పాలు పోయించుకుంటున్నాను. పెద్ద వదిన గేదెల వైపు చూస్తూ అంది.

"రేపట్నుంచి గేదెల్ని మళ్ళీ అటే తోలు."

"తోలతాలే అక్కా. దానికి నువ్వు ఇంత దూరం రావాలా? కూర్చో."

ఆ ఆప్యాయతే పెద్ద వదినకు గుచ్చుకుంది. కూర్చోలేదు. మెట్టు దిగబోతూ ఆగింది.

"గేదెల్ని పంపు చాలు. నువ్వు రానక్కర్లేదు."