ఇంకా వదులు

1968 వానాకాలంలో సూర్యాపేట మెకానిక్ షెడ్డు నుంచి నన్ను కోదాడకు పంపారు. మిర్యాలగూడ రైసు మిల్లుకు ధాన్యం తోలే పాత లారీ ఒకటి గేరు పడక రోడ్డు పక్కన ఆగిపోయింది. మబ్బు కమ్ముకొస్తోంది, బస్తాల మీద కప్పడానికి టార్పాలిన్ పట్టా లేదు.

గేరు వేస్తే గరగరమంటోందంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. పెడల్‌ను నొక్కితే మొదట రెండు వేళ్ల మందాన ఉత్తినే దిగాలి. దాన్ని మేం 'ఆట' అంటాం. ఈ బండికి నాలుగు వేళ్ల ఆట ఉంది. కింద క్లచ్ రాడ్డు నట్టు బిగించాను. ఆ తర్వాత వెనక చక్రాలను జాకీ మీద లేపి, ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కి, గేరు వేసి చూడాలి. చక్రం తిరగకపోతే పని అయినట్టు. లోడు బండిని లేపే ఓపిక నాకు లేకపోయింది. తప్పు అక్కడే మొదలైంది.

డ్రైవర్ సుబ్బయ్య కోదాడ మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. వెనక చక్రాల ముందు రాళ్లు పెడుతుంటే నవ్వాను.

"ఏందన్నా, బండికి చెప్పులు తొడుగుతున్నవా?"

ఆయన సీట్లోకెక్కి, ఇంజన్ వేసి, పెడల్ తొక్కి మొదటి గేరు వేశాడు. చక్రాలను తిప్పే షాఫ్టు కదులుతుందేమో చూడ్డానికి నేను కింద దూరాను. ముఖానికి సరిగ్గా పైన షాఫ్టు, కాళ్లు వెనక చక్రం దారిలో. షాఫ్టు సన్నగా అదురుతోంది, అంటే నట్టు ఇంకా బిగియాలి.

"ఇంకా వదులు!" అని అరిచాను.

మా సూర్యాపేట వైపు కాలు తియ్యమనడానికి 'ఇడువు' అంటాం. నాకు వదులంటే లూజు. సుబ్బయ్యకు వదులంటే విడిచిపెట్టు. ఆయన కాలు తీశాడు.

లారీ ముందుకు దూకింది. నా ముక్కు మీదే షాఫ్టు గిర్రున తిరిగింది. చక్రం రాయిని తోసుకుంటూ వచ్చింది. కేక పెట్టానో లేదో నాకు తెలియదు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. టైరుకూ నా మడమకూ మధ్య ఆ రాయి ఒక్కటే ఉంది. బయటికొచ్చాక మళ్లీ బండి కింద దూరలేకపోయాను. చచ్చేంత భయమేసింది, దాచేదేముంది.

"ఓరి దేవుడా, నువ్వే కదయ్యా వదలమన్నావ్!" అంటూ సుబ్బయ్య సీట్లోంచి కిందికి దూకాడు.

"లూజున్నదని చెప్పిన గదన్నా."

మిగతా బిగింపు, ఇంజన్ వేయకుండానే, ఆయనే చేశాడు. నేను సీట్లో పెడల్ తొక్కి కూర్చున్నాను. కింద నుంచి "వదులు" అని వినిపించింది. నా కాలు లేవలేదు.

"ఏ వదులన్నా?"

సుబ్బయ్య బండి కింద నుంచి తల బయటపెట్టాడు. "కాలు తియ్యి మేస్త్రీ," అన్నాడు మెల్లగా.

ఈసారి జాకీ వేసే చూశాం. వాన పడకముందే ధాన్యం మిర్యాలగూడ చేరింది. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ లారీ కింద నుంచి రెండే మాటలు: తొక్కు, ఇడువు. పైనున్నవాడు ఆ మాట తిరిగి అన్నాకే కాలు కదపాలి. చక్రానికి రాళ్లు పెట్టేవాణ్ణి చూసి మళ్లీ నవ్వలేదు.