డోలక్ మీద ఆ అమ్మాయి చెయ్యి

వినగలిగినవారి పాటనూ, వినలేనివారి స్తుతినీ ఒకే ప్రేమతో అందుకునే దేవునికి మహిమ.

ఒకసారి దర్శి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో మా చర్చి సంఘంలో నేను వాయించే డోలక్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులోని అమ్మాయి అడగకుండానే దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఏమనుకోకండయ్యా, మా అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ వినబడదు," అంది వాళ్లమ్మ. "మా చర్చిలో డోలక్ వాయిస్తానని దీని పట్టు. పాట ఎప్పుడు ఆగిందో దీనికెలా తెలుస్తుందని పెద్దలు వద్దన్నారు. ఆడవాళ్లం చప్పట్లు ఆపితే చూసి ఆపుతుంది కదండీ! వినబడే మా మరిది వాయిస్తే పాటదొక దారి, ఆయనదొక దారి."

నేను ఒకవైపు తాళం వేశాను. ఆ అమ్మాయి రెండోవైపు చెయ్యి ఉంచి, ఆ అదురు పట్టుకుని, అదే తాళం తిరిగి వాయించింది. నేను చెయ్యి ఎత్తగానే ఆపింది.

"చూశారా!" అంది వాళ్లమ్మ, బస్సంతా వినబడేలా. ఆమె కళ్లు మాత్రం నిండి ఉన్నాయి.

ఇప్పుడు ఆరాధనలో ఎవరొచ్చి డోలక్ మీద చెయ్యి ఆనించినా నేను వద్దనను.

ఆ అమ్మాయిని డోలక్ ముందు కూర్చోనిచ్చారో లేదో నాకు తెలియదు. చదువుతున్న మీరూ ఒక్క నిమిషం తల వంచి, ఆ పెద్దల మనసు తెరవమని నాతో కలిసి ప్రార్థించండి.