ఒకే చుక్కలో రెండు జబ్బులు

అసిరయ్యకు సముద్రం పడలేదు. కళింగపట్నం దగ్గర, చేపలు పట్టి బతికే పేటలో పుట్టినవాడికి అంతకన్నా తలవంపు ఇంకోటి ఉండదు. పదహారో ఏట తండ్రి పడవ ఎక్కిస్తే అలలు దాటకముందే కడుపులోదంతా కక్కేశాడు. అదే అలవాటవుతుందిలే అని ఏడాదిపాటు ఎక్కించారు. కాలేదు. వల లాగాల్సిన మనుషుల్లో ఒకడు ఇతన్ని పట్టుకుని కూర్చోవాల్సి వస్తోందని చివరికి ఒడ్డునే వదిలేశారు. "ఒరే, నీకు నేలే రాసిపెట్టున్నాది. ఏదో పని సూసుకో" అన్నాడు తండ్రి. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అసిరయ్యకు.

పెళ్ళయ్యాక భార్య కూర్మమ్మ చేపల గంపతో ఆమదాలవలస వెళ్ళేది. గంప ఎత్తడానికీ దించడానికీ ఇతను తోడు వెళ్ళేవాడు. అక్కడ స్టేషను రోడ్డులో నరసింగరావనే పశువుల డాక్టరు సొంతంగా ఆసుపత్రి నడిపేవాడు. ఓ పొద్దున ఆయనకు వంజరం చేప ఇవ్వడానికి వెళ్తే, బల్ల మీద గింజుకుంటున్న కుక్కను పట్టలేక ఇద్దరు మనుషులు తంటాలు పడుతున్నారు. అసిరయ్య గంప దించి, దాని మెడ కింద చెయ్యి పెట్టి, చెవి దగ్గర ఏదో గొణిగాడు. కుక్క ఊరుకుంది. డాక్టరు ఇంజెక్షను పని ముగించి, "రేపట్నుంచి ఇక్కడికి రా" అన్నాడు. అలా వెళ్ళినవాడు ఇరవై ఆరేళ్ళుగా వెళ్తూనే ఉన్నాడు.

నరసింగరావు ఓపికగల మనిషి. కుక్క చెవి అంచున సూదితో గుచ్చి ఒక్క చుక్క నెత్తురు తీయడం, గాజుపలక మీద దాన్ని పల్చగా పరచడం, ఆరబెట్టి రంగు పట్టించడం, మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం, అన్నీ నేర్పాడు. ఒంటికి అంటుకుని నెత్తురు పీల్చే పిడుదులు కుడితే కుక్క నెత్తుట్లోకి దిగే పరాన్నజీవుల పేర్లన్నీ ఇంగ్లీషువి. అవి అసిరయ్య నోరు తిరగలేదు. తనే పేర్లు పెట్టుకున్నాడు. తెల్లకణంలో దూరి కూర్చునేది 'గుడ్లముద్ద'. ఎర్రకణంలో జంటగా, మొనలు కలుపుకుని ఉండేది 'వేపగింజలు'. డాక్టరు నవ్వి, తనూ ఆ పేర్లే వాడేవాడు.

మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన విశాఖలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక, మేనల్లుడు విజయ్‌కుమార్ ఆసుపత్రి తీసుకున్నాడు. కుర్రాడు మంచివాడు, పని తెలిసినవాడు. కాకపోతే తొందర మనిషి. నాలుగు చుక్కల నెత్తురు వేస్తే పది నిమిషాల్లో జబ్బు చెప్పే కిట్లు వచ్చాయి. మైక్రోస్కోపు గుడ్డ కప్పుకుని మూలకు చేరింది.

నిరుడు వానాకాలంలో సింధూరి అనే అమ్మాయి తన లాబ్రడార్‌ని తీసుకొచ్చింది. స్టేషను దగ్గర వాళ్ళకి కిరాణా కొట్టుంది. నాన్నకు బదులు ఆ అమ్మాయే కూర్చుంటుంది. కుక్క పేరు లడ్డూ. జ్వరం, తిండి లేదు, ముక్కు వెంట ఓసారి నెత్తురు. కిట్టులో గీత పడింది. పిడుదుల జ్వరమన్నాడు విజయ్‌కుమార్. నెల రోజులకు మాత్రలు రాశాడు.

పన్నెండో రోజున ఆటోలో దుప్పటిలో చుట్టి తెచ్చింది. నిలబడడం లేదు. మూత్రం కాఫీ రంగులో పోస్తోంది.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?" అన్నాడు డాక్టరు.

"బెల్లం ముద్దలో పెట్టి నా చేత్తోనే మింగించానండీ. ఒక్క పూటా తప్పలేదు" అంది సింధూరి.

అసిరయ్య లడ్డూ పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. డాక్టరు సెలైన్ పెట్టి భోజనానికి వెళ్ళాక, మూలనున్న మైక్రోస్కోపు మీద గుడ్డ తీశాడు. చెవి గుచ్చి చుక్క తీసి, పరిచి, రంగు వేసి కూర్చున్నాడు. గుడ్లముద్ద ఒకటి వెతగ్గా వెతగ్గా దొరికింది. మాత్రలు దాని మీద పనిచేస్తూనే ఉన్నాయి. మరైతే నెత్తురు ఎక్కడికి పోతోంది? పలక చివర్న, పల్చటి అంచుకి జరిపాడు. అక్కడ ఎర్రకణాల్లో వేపగింజలు. ఒకచోట కాదు, చాలాచోట్ల.

డాక్టరు రాగానే లేచి నిలబడ్డాడు. "బాబూ, ఒకపాలి ఇలా సూడండి."

"కిట్టులో తేలింది కదా అసిరయ్యా, మళ్ళీ ఏం చూడాలి?"

"కిట్టుకి మనం అడిగిందే తెలుస్తాది బాబూ. మనం అడగంది ఇక్కడున్నాది."

విజయ్‌కుమార్ మొహం కొంచెం ముడుచుకుంది. అయినా వంగి చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక మొదట చేసిన పని, సింధూరి దగ్గరికి వెళ్ళి, "తప్పు మీది కాదమ్మా, నేను ఒక్కదాన్నే వెతికాను" అనడం. ఆ మాటతో అసిరయ్యకు అతని మీద గౌరవం పెరిగింది.

మలం కూడా చూస్తే పేగుల్లో కొంకిపురుగులు బయటపడ్డాయి. డాక్టరు ఆ అమ్మాయికి విడమర్చి చెప్పాడు. ఒంటికి కాపలా కాసేవి తెల్లకణాలు. మొదటి జబ్బు ఆ కాపలావాళ్ళలోనే దూరింది. కాపలా సడలిన ఇంట్లోకి రెండోది వచ్చి ఎర్రకణాలను పగలగొడుతోంది. ఒళ్ళు కంగారుపడి, ఏది తనదో ఏది పరాయిదో తెలియక తన ఎర్రకణాలను తనే చంపుకుంటోంది. మిగిలిన నెత్తుర్ని పురుగులు తాగుతున్నాయి.

"రెండో జబ్బుకి ఇంజెక్షన్ ఉంది. కానీ అది పనిచేసేదాకా బతకాలంటే ఇంకో కుక్క రక్తం ఎక్కించాలి."

"మా సందువ ఉన్నాది బాబూ" అన్నాడు అసిరయ్య వెంటనే.

సందువ అతని కుక్క. తెల్లగా చందువ చేపలా మెరుస్తుందని కూర్మమ్మ పెట్టిన పేరు. ఐదేళ్ళది, బలమైనది, ఒక్కరోజు జబ్బుపడి ఎరగదు. ఇసుకలో ఆరబోసిన చేపల మీద కాకిని వాలనివ్వదు. సాయంత్రానికి ఆటోలో తెచ్చాడు. దాని నెత్తురు తనే పరీక్ష చేశాడు. చూసి, పలక తప్పుగా పరిచాననుకుని ఇంకోటి చేశాడు. రెండింట్లోనూ అదే. గుడ్లముద్దలున్నాయి, వేపగింజలున్నాయి, అక్కడొకటి ఇక్కడొకటి.

"ఇదేటి బాబూ! రెండూ ఉన్నాయి, మరి దీనికి జబ్బు లేదేటి?"

"చిన్నప్పుడే పిడుదులు కుట్టి ఉంటాయి. బతికి బట్టకట్టింది. అప్పట్నుంచి దాని ఒళ్ళు వాటిని అణచిపెట్టి ఉంచింది. పూర్తిగా గెలవలేదు, ఓడిపోలేదు. దీని రక్తం మాత్రం పనికిరాదు." డాక్టరు సందువ తల నిమిరాడు. "దీనికీ మందు వేద్దాం. ఎప్పుడైనా నీరసపడితే అవి పైకి లేస్తాయి."

ముందు లడ్డూ సంగతి చూడాలి. ఆ సాయంత్రం, మర్నాటి పొద్దున కలిపి ఊళ్ళో ఏడు కుక్కల చెవులు గుచ్చారు. ఏడింటికీ ఏదో ఒకటి ఉంది. ఎనిమిదోది బియ్యం మిల్లు దగ్గర దొరికింది. సాలూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరు భాస్కర్‌ది. పుట్టిన దగ్గర్నుంచి లారీ క్యాబిన్‌లోనే ఉంటుంది, గడ్డిలో కాలు పెట్టిన రోజులు తక్కువ. దాని నెత్తుట్లో ఏమీ లేదు. "నా కూతుర్లాంటిది, జాగర్త గురూ" అంటూ భాస్కర్ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నెత్తురు సంచి నిండేదాకా దానికంటే అతనే ఎక్కువ వణికాడు.

మూడో రోజుకి లడ్డూ చిగుళ్ళు గులాబీ రంగు తిరిగాయి. పద్నాలుగో రోజున రెండో ఇంజెక్షనుకి నడిచే వచ్చింది.

సందువకు మాత్రం మందు పడలేదు. రేపు, ఎల్లుండి అంటూ అసిరయ్యే జరిపాడు. "తిన్నగా ఉన్నదానికి మందేటి? లేని జబ్బు తెప్పిస్తావా?" అంది కూర్మమ్మ. అదీ నిజమేననిపించింది. చలికాలంలో సందువ ఆరు పిల్లల్ని పెట్టింది. ఆరూ పాలు పీల్చేస్తుంటే ఎముకలు తేలింది. బాలింతరాలు కదా, తేరుకుంటుందిలే అనుకున్నారు. ఒకనాడు ముక్కు వెంట నెత్తురు కారింది. అసిరయ్య పెదవి ఎత్తి చూసి, దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి ఆటో కోసం పరుగెత్తాడు.

పలక నిండా అవే. డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు. భాస్కర్ లారీ ఒడిశా వెళ్ళింది, ఇంకో కుక్క దొరికేలోపే నాలుగో రోజు సందువ పోయింది. విజయ్‌కుమార్ దాని కాలి నుంచి సెలైన్ సూది తీశాడు. అసిరయ్య అన్నాడు: "సూసింది నేనే బాబూ. తెలిసీ ఊరుకున్నాను."

ఇసుక దిబ్బల వెనక పాతిపెట్టాడు. కూర్మమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. పిల్లలకి మేకపాలు పట్టింది. నాలుగు దక్కాయి.

ఆ తర్వాతి ఆదివారం అసిరయ్య గాజుపలకలు, సూదులు, పిడుదుల మందు సంచిలో వేసుకుని పేటలో గుమ్మం గుమ్మానికీ తిరిగాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు నవ్వారు. "సముద్రానికి భయపడినోడు కుక్కల నెత్తురు పట్టుకున్నాడ్రా!" నవ్వనిచ్చాడు. ఆదివారాలు మానలేదు. రెండుసార్లు విజయ్‌కుమార్ కూడా వచ్చి, మోకాళ్ళ దాకా పంట్లాం మడిచి ఇసుకలో కూర్చున్నాడు. ఇప్పటిదాకా యాభై మూడు కుక్కల్ని చూశారు. పద్నాలుగింట రెండు జబ్బులూ ఉన్నాయి, పైకి మాత్రం అన్నీ గంతులేస్తున్నాయి. చూలుతో ఉన్నవాటికి ఏ మందు ఎప్పుడు వెయ్యాలో, వేటికి ఈనేదాకా ఆగాలో డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. అసిరయ్య దాన్ని తు.చ. తప్పడు. కుక్కల్ని పట్టుకునే పని కూర్మమ్మది. వద్దన్నవాళ్ళతో తగువు పడే పనీ ఆమెదే.

మొన్నటి ఆదివారం ఎదురింటి గోవింద్, అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు, తాడు కట్టిన నల్లకుక్కతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మావా, ఇది పొట్టతో ఉన్నాది. రాత్రి నుంచి తిండి ముట్టలేదు."

"పెదవెత్తి సూశావేటి?"

"నాకేటి తెలుస్తాది?"

"ఇలా రా, సూపిస్తాను" అని అసిరయ్య అరుగు దిగాడు.